ఏ వేళ రక్తం తీశారన్నదే లెక్క

శృంగవరపుకోట చుట్టుపక్కల పల్లెల్లో వయసు మళ్లిన వాళ్లకి ఫైలేరియా సిబ్బంది రాక గుర్తుండే ఉంటుంది. పగలు కనిపించేవారు కారు. రాత్రి భోజనాల వేళ దాటాక వచ్చేవారు. నిద్రకి వాలబోతున్న మనిషిని లేపి, వేలి కొస మీద సూదితో పొడిచి, గాజు పలక మీద రక్తం పూసుకుని పక్కింటికి పోయేవారు. ఈ అర్ధరాత్రి అవస్థకి గట్టి కారణమే ఉంది. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుంటాయి, రాత్రి పొద్దుపోయాకే పై రక్తంలోకి వస్తాయి. చైనాలో పనిచేసిన ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు 1870ల చివర్లో ఈ గుట్టు పట్టుకున్నాడు. మధ్యాహ్నం తీసిన రక్తంలో ఏమీ కనబడదు. అదే మనిషికి రాత్రి పదకొండింటికి తీస్తే పలక నిండా పురుగులే.

2004 నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రక్తం తీయడంతో పని లేకుండానే ఇంటింటికీ బోదకాలు మందైన డీఈసీ బిళ్లలు పంచడం మొదలైంది. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది దగ్గరుండి మింగించారు. ఆ బిళ్ల 1947లో లోకానికి వచ్చింది. తయారైంది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడ పరిశోధనకి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సరిగ్గా అదే ఏడాది, అదే ప్రయోగశాల నుంచి బయటికి వెళ్లిన మరో పసుపు పొడి పిల్లల రక్త క్యాన్సర్ చరిత్రనే మార్చేసింది. ఉత్తరాంధ్ర ఇళ్లలో సుబ్బారావు పేరు వినని వాళ్లు కూడా ఆయన మందు మింగే ఉంటారు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. రాజమండ్రిలో కొంత, మద్రాసులో కొంత చదివారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కుని తిరిగినందుకు ఆంగ్ల ప్రొఫెసరు కోపానికి గురై, పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. తోడబుట్టినవాణ్ణి సంగ్రహణి పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు తననూ పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. 1920ల మొదట్లో బోస్టన్ చేరి హార్వర్డులో పనికి కుదిరారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ప్రపంచమంతటా ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో అది నిలిచిపోయింది. కండరాల్లో శక్తిని మోసే ఏటీపీ మీద 1929లో వెలువడిన పరిశోధనలోనూ ఆయన చేయి ఉంది. అయినా హార్వర్డులో స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో లెడర్లీకి మారిపోయారు.

అక్కడ ఆయన వెంటపడినది ఫోలిక్ ఆమ్లం. దీని కథకి మొదలు బొంబాయిలో ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరు అక్కడి మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గడం గమనించింది. ఆ సారంలోని అసలు పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1945లో లెడర్లీ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సంగ్రహణికీ అది మందే. తోడబుట్టినవాణ్ణి కాపాడుకోలేకపోయిన మనిషి, పాతికేళ్ల తర్వాత ఆ జబ్బుకి మందు తయారుచేసిన బృందాన్ని నడిపించారు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. రోగుల మంచం దగ్గరకన్నా సూక్ష్మదర్శిని దగ్గర ఎక్కువ కాలం గడిపిన మనిషి. లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లపు రూపాలు క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూస్తే, ల్యుకేమియా పిల్లల మజ్జలో జబ్బు తగ్గకపోగా మరింత చెలరేగినట్టు కనిపించింది. మరొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఫార్బర్ తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ ఆమ్లం అందితే ఈ కణాలు పెరుగుతుంటే, అందకుండా చేస్తే మాడిపోవాలి కదా? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డం పడే పదార్థాలు ఒకదాని తర్వాత ఒకటి చేసి పంపింది. వాటిలో డోరిస్ సీగర్ తయారుచేసిన అమినోప్టెరిన్ నిలబడింది. 1948 జూన్ 3న వెలువడిన ఫార్బర్ వ్యాసంలో 16 మంది పిల్లలకు ఆ మందు ఇచ్చినట్టు, 10 మందికి మేలు కనబడినట్టు ఉంది. శీర్షికలోనే అది తాత్కాలికమైన ఊరట అని నిజాయితీగా రాసుకున్నారు. రెండు నెలలు దాటీ దాటగానే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే పోయారు. అప్పటికి ఆయన వయసు 53.

ఆ వ్యాసంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. పదిమందికి పనిచేసిన మందు మిగతా ఆరుగురికి ఎందుకు పనిచేయలేదు? ఎవరికి పనిచేస్తుందో ముందే తెలుసుకునే దారి ఉందా? అమినోప్టెరిన్ పోయి దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆ వెనకే మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ వచ్చాయి. మన పెరళ్లలో పూచే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టీన్ 1963లో అమెరికా అనుమతి పొందింది. నాలుగూ కలిపి వాడడం 1960ల మొదట్లోనే మొదలైంది. మందులు పెరిగేకొద్దీ పాత ప్రశ్న ఇంకా పదునెక్కింది.

దానికి అందరికీ ముందుగా తోచే జవాబు ఒకటుంది. రైతు విత్తనాలు చల్లేముందు గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టి మొలక శాతం చూసుకుంటాడు. అలాగే రోగి నుంచి క్యాన్సర్ కణాలు కొన్ని తీసి, గాజుపాత్రలో మందు పోసి చూస్తే? చచ్చిపోతే ఆ మందు రాయడం, బతికితే వేరేది వెదకడం. 1950ల్లోనే అమెరికాలో బ్లాక్, స్పియర్ అనే ఇద్దరు బతికున్న కణం రంగు మార్చే రసాయనాలతో ఇలాంటి ప్రయత్నం చేశారు. 1978లో సాల్మన్, హాంబర్గర్‌ల బృందం కణితి కణాలను జిగురు పదార్థంలో గుంపులుగా పెంచి మందు పరీక్షించే పద్ధతి ప్రకటించినప్పుడు, ఇక వైద్యం మారిపోయిందన్నంత సందడి జరిగింది. తీరా చూస్తే చాలామంది రోగుల కణాలు ఆ పాత్రలో పెరగనే లేదు.

ల్యుకేమియాకి మాత్రం ఈ దారి కాస్త కలిసొచ్చింది. కణితిని కోసి తీయనక్కర్లేదు, సూదితో రక్తమో మజ్జో తీస్తే కణాలు విడివిడిగానే దొరుకుతాయి. 1983లో టిమ్ మోస్‌మన్ ఎంటీటీ అనే పసుపు రంగు పరీక్ష కనిపెట్టారు. అరచేతంత ప్లాస్టిక్ పలకలో 96 గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో రోగి కణాలు, ఒక్కో మోతాదులో మందు. నాలుగు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి, పైన ఎంటీటీ ద్రావణం వేస్తారు. కణం బతికుంటే పసుపు ఊదాగా మారుతుంది, చస్తే మారదు. ఏ మోతాదు దగ్గర ఊదా రంగు వెలిసిపోయిందో యంత్రం కొలుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రోబ్ పీటర్స్, వేర్మన్ బృందం లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా పిల్లల మీద దీన్ని ఓపిగ్గా నడిపి, 1991లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వేసింది. గాజుపాత్రలో మందులకు లొంగని కణాలున్న పిల్లలకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. ప్రెడ్నిసోలోన్, విన్‌క్రిస్టీన్, ఆస్పరాజినేజ్ మూడింటి ఫలితం కలిపి ఒక స్కోరు కూడా కట్టారు.

ఇంత చేసినా ఈ పరీక్ష మామూలు ఆసుపత్రికి చేరలేదు. కణాలు తాజాగా ఉండాలి, చాలినన్ని ఉండాలి. మందు పోయకపోయినా పాత్రలో అవి రోజురోజుకీ చస్తూనే ఉంటాయి. శరీరంలో మందు కాలేయం గుండా తిరిగి, మజ్జలో కణాలకు అండగా ఉండే కణాల మధ్య పనిచేయాలి. పాత్రలో అవేమీ లేవు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2004లో ఈ తరహా పరీక్షలన్నిటినీ తూకం వేసి, పరిశోధనల బయట వీటిని చూసి మందు రాయవద్దని తేల్చేసింది. 2011లో మళ్లీ చూసి అదే మాట అంది. అయితే దారి మూసుకుపోలేదు. ఫిన్లాండ్, ఆస్ట్రియా, అమెరికా ల్యాబులు కొత్త యంత్రాలతో మళ్లీ అటే నడుస్తున్నాయి. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన బీట్ ఏఎంఎల్ అధ్యయనం 562 మంది రోగుల నమూనాల్లో జన్యువులనీ, పాత్రలో మందులకి కణాల స్పందననీ పక్కపక్కన పెట్టి చూపింది.

గెలిచిన పద్ధతి మాత్రం వేరే చోట పుట్టింది. అందులో గొప్ప యంత్రమేదీ లేదు.

జర్మనీలో హాన్స్‌యోర్గ్ రీమ్ నడిపించిన బెర్లిన్-ఫ్రాంక్‌ఫర్ట్-మ్యూన్‌స్టర్ బృందం, బీఎఫ్ఎం అని పిలిచేది, 1980ల్లో ఒక చిన్న ఏర్పాటు చేసింది. అన్ని మందులూ ఒకేసారి మొదలుపెట్టలేదు. మొదటి ఏడు రోజులూ ప్రెడ్నిసోన్ ఒక్కటే, దానితోపాటు మొదటి రోజు వెన్నులోకి ఒక మోతాదు మెథోట్రెక్సేట్. సుబ్బారావు ప్రయోగశాలలో పుట్టిన మందు ఇక్కడ కూడా మొదటి రోజే హాజరు. ఎనిమిదో రోజు పొద్దున్న వేలి నుంచో చేతి నుంచో రక్తం తీసి పలక మీద పూస్తారు. మైక్రో లీటరు రక్తంలో ల్యుకేమియా కణాలు వెయ్యి కన్నా తక్కువుంటే మంచి స్పందన. వెయ్యో, ఆ పైనో ఉంటే చెడ్డ స్పందన, గట్టి చికిత్స కావాలి.

లెక్క ఎంత సులువో చూడండి. ఒక పిల్లాడికి ఎనిమిదో రోజు తెల్లకణాలు 20,000 ఉన్నాయనుకుందాం. పలక మీద పాథాలజిస్టు నూరు కణాలు లెక్కపెడితే నాలుగు బ్లాస్టులు, అంటే ల్యుకేమియా కణాలు, కనబడ్డాయి. 20,000లో నూటికి నాలుగంటే 800. పిల్లాడు గట్టున పడే వైపు ఉన్నట్టు. నాలుగుకి బదులు ఆరు కనబడితే 1,200. చికిత్స మారిపోతుంది. సూక్ష్మదర్శిని, రంగు నీళ్లు, గాజు పలక, అనుభవమున్న కన్ను ఉంటే చాలు. నూటికి తొంభై మంది దాకా పిల్లలు ఈ గీతకి మంచి వైపే ఉంటారు. దాటిన వాళ్లకి జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువని బీఎఫ్ఎం లెక్కలు తేల్చాయి. గాజుపాత్రలో నాలుగు రోజులు వెదికిన జవాబు, రోగి ఒంట్లోనే ఏడు రోజుల్లో దొరికింది.

ఎనిమిదో రోజు లెక్కకీ ఒక హద్దుంది. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల ల్యుకేమియా కణాలు ఉంటాయని అంచనా. నెల చికిత్స తర్వాత మజ్జలో బ్లాస్టులు నూటికి ఐదు లోపుంటే జబ్బు అణిగిందంటారు. అప్పటికీ వెయ్యి కోట్ల కణాలు నక్కి ఉండవచ్చు. ఎలుకల ల్యుకేమియా మీద పనిచేసిన హోవార్డ్ స్కిపర్ 1960ల్లోనే హెచ్చరించారు: ప్రతి మోతాదూ కణాల్లో ఒక వంతునే చంపుతుంది, చివరి కణం దాకా తరమకపోతే జబ్బు తిరిగి లేస్తుంది. కంటికి కనబడని ఈ మిగులుని లెక్కపెట్టడం 1990ల్లో సాధ్యమైంది. ఫ్లో సైటోమెట్రీ యంత్రం కణాల ఒంటి మీది గుర్తులను రంగు కాంతితో పట్టుకుంటుంది. పీసీఆర్ పద్ధతి జన్యువుల్లోని ముద్రని వెదుకుతుంది. 1998లో యూరప్, అమెరికా బృందాలు వరసగా వేసిన వ్యాసాలతో ఎంఆర్‌డీ అనే ఈ పరీక్ష స్థిరపడింది. పదివేల కణాల్లో ఒక్క చెడ్డ కణం మిగిలిందా లేదా అన్నది ఇప్పుడు గీత. బీఎఫ్ఎం వాళ్లు దాన్ని 33వ రోజున ఒకసారి, 12వ వారంలో మరోసారి చూశారు. ఇక్కడా రోజులు ముందే నిర్ణయమై ఉంటాయి. వారం ముందు తీస్తే ఒక అర్థం, వారం ఆలస్యమైతే మరో అర్థం.

మన దేశంలో ఈ పని క్రమపద్ధతిన 1984లో మొదలైంది. ముంబయి టాటా మెమోరియల్, చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలోని ఇయాన్ మెగ్రాత్ సాయంతో ఎం.సి.పి.841 అనే ఒకే చికిత్సా పద్ధతిని నడిపించాయి. తెలుగు నేల నుంచి మద్రాసు రైలెక్కిన ఎందరో పిల్లలకి అడయారే దిక్కు. ఆ తర్వాతి తరం దేశీయ బృందం ఇసికిల్ పేరుతో కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, చండీగఢ్, చెన్నై కేంద్రాలను కలిపింది. అందులో ప్రెడ్నిసోలోన్‌కి ఎనిమిదో రోజు స్పందన, క్రోమోజోముల పరీక్ష, నెలాఖరు ఎంఆర్‌డీ మూడూ చూసే పిల్లల్ని తరగతులుగా విడదీశారు. దీనికి తోడు మందు ఒంటికి పడుతుందా అని చూసే జన్యు పరీక్షలూ వచ్చాయి. మెర్కాప్టోప్యూరిన్ మామూలు మోతాదుకే కొందరు పిల్లల తెల్లకణాలు కూలిపోతాయి. పాశ్చాత్యుల్లో దీనికి టీపీఎంటీ జన్యువు ప్రధాన కారణమైతే, మనవాళ్లలో ఎన్‌యుడిటి15లో తేడాలే ఎక్కువ అడ్డం పడతాయి.

ఇక శృంగవరపుకోట సంగతి. కొండ మీద అనంతగిరి పల్లెల జనం దిగేదీ, కింద మెట్ట పల్లెల జనం చేరేదీ ఈ ఊరికే. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది. ఖనిజం బండ్ల మధ్య నడిచే పాసింజరు రైలు రోగులకీ బండే. రోడ్డు మీదైతే విశాఖ సుమారు 50 కిలోమీటర్లు. ఊళ్లో తేలని జబ్బుకి వైజాగ్ రాసేశారంటే, తరతరాలుగా ఆ మాటకి అర్థం 1923లో తెరిచిన కింగ్ జార్జ్ ఆసుపత్రే. అదే ఏడాది మొదలైన మెడికల్ కాలేజీ దాని పక్కనే ఉంది. రక్త క్యాన్సర్ అని తేలితే ఒకప్పుడు అక్కడి నుంచీ మద్రాసుకో, 1955లో వెలసిన హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికో ప్రయాణం కట్టవలసిందే. ఖర్చు తలుచుకుని ఇంటికి తిరిగిపోయిన వాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ దొరకదు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మరుసటి ఏడాదికి పథకం రాష్ట్రమంతా పాకింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీ కార్డే. టాటా మెమోరియల్ కేంద్రం విశాఖ శివారు అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నెలకొల్పాక, దూరం మరీ తగ్గింది. తుంటి ఎముకలో సూది దింపి తీసిన మజ్జలో కొంత పలక మీద పూస్తారు, కొంత ఊదా మూత గొట్టంలో ఫ్లో సైటోమెట్రీకి పోతుంది. ఆ గొట్టం ఒకటి రెండు రోజుల్లో యంత్రం చేరాలి, లేకపోతే కణాలు చచ్చి లెక్క తప్పుతుంది. మనిషి మద్రాసు పోయిన రోజుల నుంచి, మనిషి ఇంటి దగ్గర్లోనే ఉండి గొట్టం ప్రయాణం చేసే రోజులకి వచ్చాం.

ఇంత చరిత్రనీ ఒక్క సూది మందు తలకిందులు చేయగలదు. పిల్లాడికి వారాల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు, ముఖం పాలిపోవడం. ఊళ్లో ప్రాక్టీసు చేసే మనిషి కీళ్లవాతమనో, ఎలర్జీ అనో స్టెరాయిడ్ సూది పొడుస్తాడు, లేదా చిన్న తెల్ల బిళ్లలు వారానికి ఇస్తాడు. జ్వరం దిగుతుంది, పిల్లాడు లేచి తిరుగుతాడు, డాక్టరుది మంచి హస్తవాసి అని పేరొస్తుంది. ఆ స్టెరాయిడ్ బీఎఫ్ఎం వాళ్లు మొదటి వారం ఇచ్చే మందుకి సొంత చుట్టమే. ల్యుకేమియా కణాలు కొన్నాళ్లు అణిగి, రక్తంలో కనబడకుండా పోతాయి. కొన్ని వారాలకి జబ్బు తిరిగి లేచి విశాఖ చేరేసరికి, రోగనిర్ధారణ ఆలస్యమైపోతుంది. ఎనిమిదో రోజు పరీక్షకి కూడా అర్థం ఉండదు. ఎందుకంటే ఆ పిల్లాడికి మొదటి రోజు ఏదో ఎవరికీ తెలియదు. అనుమానం మీద ఎక్కువ గట్టి చికిత్స పడే అవకాశమూ ఉంది.

అందుకే ఇళ్లలో పెద్దవాళ్లు గుర్తు పెట్టుకోవలసింది ఇదీ. రెండు వారాలు దాటిన జ్వరం, ఒంట్లో రక్తం లేనట్టు పాలిపోవడం, కాళ్ల ఎముకల నొప్పి, ఒంటి మీద నీలం మచ్చలు, మెడలో గడ్డలు, వీటిలో ఏ రెండు కలిసి కనబడినా ముందు రక్తపరీక్ష చేయించాలి. కణాల లెక్క యంత్రం ఒక్కటే చాలదు, చిన్న యంత్రాలు బ్లాస్టులని మామూలు లింఫోసైట్లుగా లెక్కేసే ప్రమాదముంది. స్లైడు మీద పాథాలజిస్టు చూసిన రిపోర్టు కావాలని అడగాలి. అది చేతికొచ్చేదాకా స్టెరాయిడ్ సూది గానీ బిళ్ల గానీ వేయనివ్వకండి. ఇప్పటికే వేసి ఉంటే ఏ మందు, ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి అన్నది కాగితం మీద రాయించుకుని, విశాఖ డాక్టరుకి మొట్టమొదట ఆ కాగితమే చూపించండి.